14,400 కిలోమీటర్లు... ఒక చుక్క!

సినిమాల్లో అమెరికా వెళ్లడం ఎంత సులువో మీరెప్పుడైనా గమనించారా? మొదటి షాట్లో హీరో సూట్‌కేసు సర్దుతాడు. తల్లి కొంగుతో కళ్లొత్తుకుంటుంది. రెండో షాట్లో విమానం గాల్లోకి లేస్తుంది. మూడో షాట్లో ఆకాశాన్నంటే మేడలు, బారులు తీరిన కార్లు... అంతే! వెనకాల సంగీతం మారుతుంది, మనవాడు కోటు తగిలించుకుని పాట అందుకుంటాడు. అంతా కలిపి పావు నిమిషం. చొక్కా నలగదు, క్రాపు చెదరదు.

1987లో జంధ్యాల గారు అమెరికా వెళ్లి 'పడమటి సంధ్యారాగం' తీసుకొచ్చారు. ఆ తర్వాత ఎన్ని సినిమాలు ఆ గడ్డ మీద తిరిగొచ్చాయో లెక్కలేదు. అయినా ప్రయాణం మాత్రం ఎప్పుడూ ఆ పావు నిమిషమే.

సినిమా కబుర్లు రాసుకుని బతికేవాణ్ణి కనుక, నాకు ఆ 'కట్' మీద కోపమేమీ లేదు. పదహారు గంటల ప్రయాణం తెర మీద వున్నదున్నట్టు చూపిస్తే మీరు కుర్చీలు విరగ్గొట్టరూ! కాకపోతే ఎడిటరు కత్తిరించి పారేసిన ఆ ముక్క ఎంత పొడుగుంటుందో నాకు తెలుసు. మా అక్కకి ఇంకా బాగా తెలుసు. ఈ వారం ఆ ముక్క గురించే నా గోడు.

మాది తెనాలి. హీరో కృష్ణ గారి బుర్రిపాలెం మాకు కూతవేటు దూరం. ఇక మా వూళ్లో సినిమా పిచ్చి గురించి వేరే చెప్పాలా? అలాంటి వూళ్లో మా నాన్న ఒక హాల్లో ముప్ఫయ్యేళ్లు ఆపరేటరుగా పనిచేశాడు. చిన్నప్పుడు నేనూ అక్కా సెలవులకి ఎక్కడికీ వెళ్లేవాళ్లం కాదు. మా వేసవి విడిది ప్రొజెక్షను గదే! బయట ఎండ, లోపల మెషిను వేడి, కార్బన్ల పొగ. అయినా గోడకి వున్న చిన్న కంతలోంచి తెర చూస్తుంటే స్వర్గం.

ఆ గదిలో రెండు మెషిన్లుండేవి. ఒకదాంట్లో రీలు ఆడుతుంటే రెండోదాంట్లో తర్వాతి రీలు ఎక్కించి సిద్ధంగా వుంచాలి. మొదటిది అయిపోయే వేళకి బొమ్మ పైన, కుడివైపు మూలలో చిన్న చుక్క ఒకటి పడుతుంది. అది చూడగానే రెండో మెషిను మోటారు వెయ్యాలి. ఏడెనిమిది సెకన్లకి ఇంకో చుక్క. అప్పుడు టక్కున మార్చెయ్యాలి. కింద కూర్చున్న జనానికి ఒక రీలు అయిపోయి ఇంకోటి మొదలైన సంగతే తెలియకూడదు. తెలిస్తే ఈలలు, తిట్లు!

"చుక్కలు వాళ్లకోసం కాదర్రా, మనకోసం," అనేవాడు నాన్న. "తెలిసినవాడికే కనపడతాయి."

మాకిద్దరికీ అదో పందెం. చుక్క ముందు ఎవరు చూస్తే వాళ్లకి ఇంటర్వెల్లో గోళీ సోడా. పాపిష్టిది, ఎప్పుడూ అక్కే గెలిచేది!

అక్కకి పెళ్లయి అమెరికా వెళ్లింది 2008 ఆగస్టులో. శంషాబాదు విమానాశ్రయం ఆ మార్చిలోనే తెరిచారు. కొత్త పెళ్లికూతురు, కొత్త విమానాశ్రయం! మేమందరం తెనాలి నుంచి కారు మాట్లాడుకుని వెళ్లాం. సినిమాల్లో అయితే హీరో సరాసరి విమానం మెట్ల దాకా పరిగెత్తి హీరోయిన్ని ఆపేస్తాడు. మమ్మల్ని గుమ్మం దగ్గరే ఆపేశారు. అక్క అద్దాల అవతల బండి తోసుకుంటూ పోతూ పోతూ మనుషుల్లో కలిసిపోయింది.

తిరిగొచ్చేటప్పుడు నాన్న కారులో అడిగాడు: "డల్లాసంటే ఎంత దూరంరా?"

నేనప్పుడు డిగ్రీ రెండో సంవత్సరం. తెలిసిన గర్వంతో చెప్పాను: "గాల్లో గీత గీస్తే 14,400 కిలోమీటర్లు నాన్నా. భూమి చుట్టుకొలతే 40 వేలు. అంటే ఏ రెండు వూళ్ల మధ్యా 20 వేలకి మించి దూరం వుండటానికి వీల్లేదు. దాంట్లో మూడొంతులకి కాస్త తక్కువన్నమాట."

నాన్నకి కిలోమీటర్ల లెక్క ఎక్కలేదు. ఆయన లెక్క ఆయనకుంది. "రీలంటే వెయ్యి అడుగులు, 305 మీటర్లు. పదహారు రీళ్ల సినిమా అయితే అయిదు కిలోమీటర్లకి కాస్త తక్కువ. 14,400 కిలోమీటర్లంటే..." అని వేళ్ల మీద ఏదో లెక్కేసి, "దగ్గర దగ్గర మూడు వేల ప్రింట్లు పరవాల్రా!" అన్నాడు. ఒక రీలు ఆడటానికి పదకొండు నిమిషాలు. సినిమా మొత్తం మూడు గంటలు. మూడు వేల సినిమాలు వరసపెట్టి ఆడిస్తే ఎన్నాళ్లకి అక్క దగ్గరకి చేరతాం? చాలా దూరం దాకా ఎవరమూ మాట్లాడలేదు.

ఆ తర్వాత కాలం మారింది. మా హాల్లోకి డిజిటల్ మెషిను వచ్చింది. రీళ్లు పోయాయి, చుక్కలూ పోయాయి, నాన్న ఉద్యోగమూ పోయింది. ఒకప్పుడు సినిమా విడుదలంటే నాన్న తెల్లారుజామునే వెళ్లి బాక్సు కోసం స్టేషన్లో కూచునేవాడు. "బాక్సు వచ్చిందా?" అని వూరంతా ఆయన్నే అడిగేది. వూళ్లో ఏ సినిమా అయినా అందరికన్నా ముందు చూసిన మనిషి ఆయన.

ఇప్పుడేమో అక్క ముందు చూసేది! డల్లాసులో మన తెలుగువాళ్లు ఎంతమంది వున్నారో మీకు తెలుసు కదా. కొత్త సినిమా అక్కడ ముందురోజు సాయంత్రమే పడిపోతుంది. చలికాలంలో వాళ్ల గడియారం మనకన్నా పదకొండున్నర గంటలు వెనక. అక్క ఆట చూసి బయటికొచ్చేసరికి తెనాలిలో మార్నింగ్ షోకి ఇంకా జనం కూడా చేరరు. అప్పుడు ఫోను! "నాన్నా, ఫస్టాఫ్ బావుంది, సెకండాఫ్ లాగాడు." నాన్న ఆ కబురు పట్టుకుని హాలు దగ్గరకి వెళ్లి, ఏమీ తెలియనట్టు నిలబడి, "సెకండాఫ్ లాగాడటయ్యా," అనేవాడు. ఎలా తెలుసని జనం నోళ్లు వెళ్లబెడితే ఆయనకదో తృప్తి.

మాట 14,400 కిలోమీటర్లు ఒక్క సెకనులో దాటి వచ్చేస్తుంది. మనిషే రాలేదు. ఆ సంగతి మాకు తెలిసింది 2019 జనవరిలో.

సంక్రాంతి వెళ్లిన వారం. తెల్లారుజామున నాలుగున్నరకి నాన్న నిద్రలోనే వెళ్లిపోయాడు. ముందురోజు రాత్రి కూడా పూర్ణం బూరె తిని, తీపి ఎక్కువైందని అమ్మని సతాయించిన మనిషి!

డల్లాసులో అప్పుడు సాయంత్రం అయిదు. ఫోను తీశాను. అమ్మ నా చెయ్యి పట్టుకుంది. అప్పటిదాకా ఏడుస్తున్నది ఒక్కసారిగా కళ్లు తుడుచుకుంది.

"చెప్పకురా. ఒంట్లో బాగాలేదని చెప్పు చాలు. దోవంతా ఒక్కతే ఏడుస్తుంది. అక్కడ దాన్ని పట్టుకునేవాళ్లెవరు?"

బావకి మాత్రం ముందు నిజం చెప్పాను. పిల్లల బడి, ఆయన ఉద్యోగం... ఆయన కదలడానికి లేదు. అక్క ఒక్కతే రావాలి. తర్వాత అక్కకి ఫోను చేశాను. నాన్నకి ఛాతీలో నొప్పి వచ్చిందనీ, ఆస్పత్రిలో వున్నాడనీ చెప్పాను.

"నాన్నకి ఫోనివ్వరా."

"మత్తు మందిచ్చారక్కా. పడుకున్నాడు."

అబద్ధం కాదు సుమండీ! పడుకునే వున్నాడు, నా ఎదురుగానే. చాప మీద.

మర్నాడు మధ్యాహ్నం పన్నెండింటి విమానానికి టికెట్టు దొరికింది. నేను కాగితం మీద లెక్క వేశాను. డల్లాసులో పన్నెండంటే మనకి ఆ రాత్రి పదకొండున్నర. దుబాయికి పద్నాలుగున్నర గంటలు. అక్కడ నాలుగ్గంటలు కూర్చోవాలి. శంషాబాదుకి మూడున్నర. పాస్‌పోర్టు, పెట్టెలు అన్నీ అయ్యేసరికి ఇంకో గంట. చివరి మూడొందల కిలోమీటర్లకి ఆరు గంటల కారు. మొత్తం 29 గంటలు. నాన్న పోయిన దగ్గర్నుంచి చూస్తే సరిగ్గా రెండు రోజులు.

పెదనాన్న ఒప్పుకోలేదు. "పొద్దు గూకేలోపల కానివ్వాలిరా. రెండు రోజులు శవాన్ని ఇంట్లో పెట్టుకుంటారా?" అని కేకలేశాడు. పెద్దాయన చాదస్తం అనుకోకండి, ఆయన తమ్ముడు కూడా కదా. చూడలేక అన్నమాట అది. చివరికి అమ్మే గట్టిగా చెప్పింది: "అది వచ్చేదాకా ఆయన్ని కదిలించడానికి వీల్లేదు."

ఫ్రీజర్ బాక్సు తెప్పించాం. బతికినన్నాళ్లూ బాక్సు కోసం స్టేషన్లో ఎదురు చూసిన మనిషి, ఆఖరికి తానే బాక్సులో పడుకుని కూతురి కోసం ఎదురు చూశాడు.

ఇక నా పని చూడండి. చుట్టాలందరికీ, హాలువాళ్లందరికీ ఫోన్లు చేసి, "వాట్సాప్‌లో, ఫేసుబుక్కులో ఎవరూ ఫొటో పెట్టకండి బాబూ, అక్క దోవలో వుంది" అని బతిమాలడం. రోజూ హీరోల రహస్యాలు బయటపెట్టడమే నా వృత్తి కదండీ. ఆ రెండు రోజులూ ఒక్క రహస్యం దాచడానికి నా ప్రాణం పోయింది!

మూడో రోజు తెల్లారుజామున నాలుగున్నరకి కారు వీధిలో ఆగింది. షామియానా వుంది, కుర్చీలున్నాయి. ఇంక చెప్పడానికేముంది? అక్క దిగింది. ఎవరినీ ఏమీ అడగలేదు. సరాసరి వెళ్లి బాక్సు అద్దం మీద చెయ్యి పెట్టి, అలాగే నిలబడింది. కేక లేదు, ఏడుపు లేదు. చాలాసేపటికి, "చలేస్తుందేమో," అంది. అప్పుడు అమ్మ ఘొల్లుమంది.

అందరూ అన్నారు, షాక్ అని. నేనూ అదే అనుకున్నాను.

అయిదేళ్లు గడిచాయి. ఆ విషయం నేనెత్తలేదు, అక్కా ఎత్తలేదు.

2024 మే నెలలో మొదటిసారి నేను విమానం ఎక్కాను. డల్లాసులో తెలుగు సినిమా జనం గురించి నాలుగు వ్యాసాలు రాద్దామని పైకి చెప్పిన కారణం. అక్క ఇల్లు చూడాలని లోపలి కారణం. దుబాయికి 2,550 కిలోమీటర్లు, నాలుగ్గంటలు. అక్కణ్ణుంచి డల్లాసుకి 12,900 కిలోమీటర్లు, పదహారు గంటలు! అన్నట్టు అక్క వచ్చినప్పుడు ఇదే దూరానికి పద్నాలుగున్నరే పట్టింది. మరి నాకెందుకు ఎక్కువంటారా? పైన పడమటి నుంచి తూర్పుకి జోరుగా వీచే గాలి ఒకటుంది, జెట్ స్ట్రీమ్ అంటారు. తూర్పుకి వచ్చే విమానాన్ని అది ముందుకి నెడుతుంది. పడమటికి పోయేదానికి ఎదురు తగులుతుంది. తండ్రి దగ్గరకి వచ్చే కూతుర్ని గాలయినా కాస్త కనికరించిందన్నమాట.

సీటు ముందున్న చిన్న తెర మీద మ్యాపు పెట్టుకున్నాను. విమానం నేరుగా పడమటికి పోకుండా పైకి పైకి, గ్రీన్లాండు కొస దాకా ఎగబాకుతోంది. దోవ తప్పాడేమోనని కంగారు పడ్డాను! తర్వాత తెలిసింది. భూమి బల్ల కాదు, బత్తాయి. బత్తాయి మీద రెండు చుక్కలు పెట్టి దారం బిగించి చూడండి. మ్యాపులో వంకరగా కనిపించేదే దగ్గరి దోవ. హైదరాబాదు, డల్లాసు భూగోళానికి దాదాపు ఎదురెదురు పక్కల వున్నాయి. వాటి మధ్య దారం బిగిస్తే అది ఉత్తర ధ్రువానికి అయిదొందల కిలోమీటర్ల చేరువలోంచి పోతుంది. ఆ 14,400 కిలోమీటర్లకీ ఒక్క దూకు దూకాలంటే పదహారు పదిహేడు గంటల ఇంధనం మొయ్యాలి. ఆ ఇంధనాన్ని మొయ్యడానికి మళ్లీ ఇంధనం! అందుకే చాలామందిమి గల్ఫులో దిగి, వెయ్యి కిలోమీటర్లు అదనంగా చుట్టి వెళతాం. అలాగని ఒక్క దూకు దూకినవాళ్లు లేకపోలేదు. 2021 జనవరి 11న శాన్‌ఫ్రాన్సిస్కో నుంచి బెంగుళూరుకి ఎయిరిండియా విమానం ధ్రువం మీదుగా ఎక్కడా ఆగకుండా వచ్చి దిగింది. సుమారు 14 వేల కిలోమీటర్లు. నడిపినవాళ్లు నలుగురూ ఆడవాళ్లే!

నా పక్క సీటులో గుంటూరు వైపు పెద్దావిడ. కూతురి పురిటికి వెళుతోంది. గంటకోసారి, "ఇప్పుడెక్కడున్నాం నాయనా?" అని అడిగేది. నేను మ్యాపు చూసి ఏదో పేరు చెప్పేవాణ్ణి. "అయ్యో, ఇంకా అక్కడేనా!" అనేది. అలా అంటున్న మాటకి విమానం నిమిషానికి పదిహేను కిలోమీటర్లు పోతోంది. నాన్న లెక్కలో అయితే పదహారు రీళ్ల సినిమా పొడుగు ఇరవై సెకన్లలో దాటేస్తోంది!

తొమ్మిదో గంటకి మ్యాపు విసుగు పుట్టి ఒక తెలుగు కామెడీ పెట్టుకున్నాను. ఒకచోట పగలబడి నవ్వాను కూడా. అప్పుడు గుండెల్లో కలుక్కుమంది. ఆ రోజు అక్క ముందు కూడా ఇలాంటి తెరే వుండి వుంటుంది కదా? కాలక్షేపానికి ఏదో పెట్టుకుని, ఇలాగే నవ్విందేమో! అటు నాన్న బాక్సులో... ఆ నవ్వు తర్వాత దానికి ఎన్నిసార్లు గుర్తొచ్చి వుంటుంది? ఏడుపు తప్పించాననుకున్నాను. అంతకన్నా పెద్ద పాపం చేశానా? మిగతా ఏడు గంటలూ సినిమా లేదు, నిద్ర లేదు.

డల్లాసు చేరిన మొదటి రాత్రి మూడింటికి మెలకువ వచ్చేసింది. వేసవిలో తేడా పదిన్నర గంటలు. తెనాలిలో మధ్యాహ్నం ఒంటిగంటన్నర, భోజనాల వేళ. గడియారం డల్లాసుదే, కడుపు మాత్రం తెనాలిది! వంటింట్లో గిన్నెలు వెతుకుతుంటే అక్క లేచి వచ్చింది. ఏమీ అనకుండా పప్పుచారు వెచ్చబెట్టి అన్నం పెట్టింది. ఎదురుగా కూర్చుంది. నాలుగు ముద్దలు తిన్నాక ఇంక ఆగలేకపోయాను.

"అక్కా, ఆ రోజు నీకు అబద్ధం చెప్పాను. నాన్న అప్పటికే..."

"తెలుసురా."

"ఎప్పుడు తెలిసింది? బావ చెప్పేశాడా?"

"మీ బావ పెదవి విప్పలేదు. నువ్వే చెప్పావు."

"నేనా!"

"ఫోను పెట్టేస్తూ ఏమన్నావో గుర్తుందా? 'కంగారు పడకక్కా, నెమ్మదిగా రా' అన్నావు. మనిషి వుంటే తొందరగా రమ్మంటార్రా. నెమ్మదిగా రమ్మన్నావంటే..."

నా చేతిలో ముద్ద చేతిలోనే వుంది.

"మరి ఎందుకడగలేదక్కా?"

"అడిగితే చెప్పేసేవాడివి. చెప్పాక అన్ని గంటలు గాల్లో ఎలా కూర్చునేదాన్ని? అడగనంతసేపూ నాన్న వున్నట్టే కదరా. నువ్వు నాకోసం అబద్ధం ఆడావు. నేను కూడా నాకోసమే నమ్మాను."

"దోవలో ఏం చేశావు?"

"సినిమాలు పెట్టుకున్నాను. రెండో, మూడో. ఏం చూశానో ఒక్క ముక్క గుర్తులేదు. కుడివైపు పై మూల మాత్రం చూస్తూ కూర్చున్నాను, చుక్క పడుతుందేమోనని. ఈ డిజిటల్ బొమ్మల్లో చుక్కలెక్కడివిరా!"

కాసేపు ఇద్దరం వూరుకున్నాం. తర్వాత నా కంచంలో మజ్జిగ పోస్తూ అంది: "అయినా ఆపరేటరు కూతుర్ని. నువ్వు మార్చేస్తే నాకు తెలియదనుకున్నావా?"

మిత్రులారా, దూరం గురించి నాకు తెలిసింది ఇదే. కిలోమీటర్లు ఎంతో, గంటలు ఎన్నో ఎవరైనా చెప్పేస్తారు. కానీ విమానం తలుపు వేసినప్పటి నుంచి తీసేదాకా ఒక మనిషి ఒంటరిగా ఏం మోసుకొస్తున్నాడో ఏ మ్యాపూ చూపించదు. ఈసారి సినిమాలో విమానం గాల్లోకి లేచే షాట్ వస్తే, పాట మొదలయ్యే లోపల ఒక్క క్షణం ఆ 'కట్' వైపు చూడండి. మీ అక్కో, మీ అన్నో, మీ స్నేహితుడో ఎవరో ఒకరు ఆ కత్తిరింపులో కూర్చునే వుంటారు.

నెల తర్వాత నేను తిరుగు ప్రయాణమయ్యాను. అక్క డల్లాసు విమానాశ్రయం దాకా వచ్చింది. ఈసారి అద్దాల అవతల బండి తోసుకుంటూ పోవడం నా వంతు. "డిసెంబరులో వస్తానని అమ్మతో చెప్పు," అంది.

వెనక్కి తిరిగి గట్టిగా అన్నాను: "తొందరగా రా అక్కా!"

మా ఇంట్లో ఇప్పుడు ఎవరూ ఎవరినీ నెమ్మదిగా రమ్మనరు.